గుడి పేరు మీద బెల్టు షాపు: ఒక ఊరి కేస్ స్టడీ

నేను వకీలుని. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పొదుపు సంఘాల ఆడవాళ్ళకు న్యాయ సలహా ఇస్తుంటాను. భూమి తగాదాల తర్వాత నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి బెల్టు షాపుల ఫిర్యాదులే. వాటిలో ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. లైసెన్సు లేకుండా మందు అమ్మడం నేరమని ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అమ్మేవాళ్ళకు తెలుసు, తాగేవాళ్ళకు తెలుసు, స్టేషన్‌కూ తెలుసు. అంతా తెలిసినా షాపు ఏళ్ళ తరబడి ఎందుకు నడిచింది, చివరికి ఎక్కడ పట్టుకుంటే ఆగింది అన్నది ఇందులో దగ్గరగా చూడగలిగాను. ఇదే పని చేసే వకీళ్ళకు, సంఘాల లీడర్లకు, పారా లీగల్ వాలంటీర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఊరినీ మనుషులనూ గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను.

నేపథ్యం

సుమారు 300 గడపల ఊరు. వరి, పసుపు పండుతాయి. ఆడవాళ్ళలో చాలామంది బీడీలు చుడతారు, మగవాళ్ళు కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. లైసెన్సు ఉన్న వైన్ షాపు మండల కేంద్రంలో ఉంది. అది ఊరికి ఏడు కిలోమీటర్లు.

ఆ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలకు బలం ఎక్కువ. అందరూ వీడీసీ అంటారు. కులానికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుని ఊరి పనులు నడుపుతారు. పంచాయతీరాజ్ చట్టంలో వీటికి చోటు లేదు, అయినా ఊళ్ళో పంచాయతీ కంటే వీళ్ళ మాటే చెల్లుతుంది. కోడికూర దుకాణానికి, చెరువు చేపలకు పెట్టినట్టే బెల్టు షాపుకూ ఏటా వేలం పెడతారు. పాట పాడినవాడు తప్ప ఊళ్ళో ఇంకెవరూ మందు అమ్మకూడదు. అమ్మితే దండుగ కట్టాలి. వచ్చిన డబ్బు గుడికో, రోడ్డుకో, సీసీ కెమెరాలకో పోతుంది. ఈ ఊళ్ళో గుడి మండపం పని నడుస్తోంది. ఆ ఏడాది పాట రెండున్నర లక్షలకు పోయింది.

చట్టం మాత్రం సూటిగానే ఉంది. బార్లు, క్లబ్బులు పక్కన పెడితే తెలంగాణలో సీసా అమ్మే హక్కు ఏ4 లైసెన్సు ఉన్న 2,620 దుకాణాలది. రెండేళ్ళకోసారి లాటరీ తీసి ఇస్తారు. లైసెన్సులో రాసిన చోటే, ఎమ్మార్పీకే, పెట్టిన వేళల్లోనే, 21 ఏళ్ళు నిండినవాళ్ళకే అమ్మాలి. లైసెన్సు లేకుండా అమ్మితే ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34(ఎ) కింద కేసు. 1968లో ఉమ్మడి రాష్ట్రానికి చేసిన చట్టమే ఇక్కడ ఇప్పటికీ నడుస్తోంది. హైవేల పక్కన మద్యం దుకాణాలు వద్దని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత, జనాభా 20,000 లోపు ఉన్న చోట్ల హైవేకు 220 మీటర్ల దూరంలో ఉంటే చాలంది. అప్పుడు టేపులు పట్టి కొలిచి మరీ లైసెన్సు షాపులను లోపలికి జరిపారు. అసలు లైసెన్సే లేని షాపును ఎవరు కొలుస్తారు? ఈ ఊళ్ళో అది రోడ్డు మీదే, బడి గేటుకు కనిపించేంత దగ్గర్లో ఉండేది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాక ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు వాయిదా పడుతూ వచ్చాయి. 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ రోజుల్లో వేలం పెట్టింది ప్రభుత్వం. కాబట్టి ఎవరిని నిలదీయాలో ఆడవాళ్ళకు స్పష్టంగా తెలుసు. ఇప్పుడు వేలం పెట్టేది సొంత ఊరి పెద్దలు, అదీ దేవుడి పేరు చెప్పి. ఎదిరించడం ఇక్కడ ఎక్కువ కష్టం.

సమస్య

సంఘం లీడరు మరికొందరితో వచ్చి కూర్చుంది. మొదట మాట్లాడింది వడ్ల పైసల గురించి. "సారూ, తాగుడు మాకు కొత్త గాదు. వడ్ల పైసలు బ్యాంకుల పడంగనే షాపాయన వచ్చి నిలవడుతున్నడు. ఇంట్లకు రాకముందే ఉద్దెర కింద కోసుకుంటున్నడు" అంది. ధాన్యం కొనుగోలు కేంద్రం నడిపేది వాళ్ళ సంఘమే. ఎవరికి ఎంత పడిందో, అందులో ఇంటికి ఎంత చేరిందో వాళ్ళకు లెక్క తెలుసు.

షాపు ఉద్దెర పుస్తకం ఫోటోలు ఫోన్‌లో చూపించారు. రూళ్ళ నోటుబుక్కు. మనిషికో పేజీ. పైన పేరు, కింద తేదీలు, తేదీ పక్కన 'క్వా' అని రాసి నిలువు గీతలు. ఒక్కో గీత ఒక క్వార్టర్. ఒక పేజీలో ఒకే తేదీకి నాలుగు గీతలున్నాయి. పేజీ అడుగున మొత్తం వేసి, పక్కన 'వడ్లకు' అని రాసి, చుట్టూ గుండ్రంగా గీశారు. ఇంకో పేజీ మీద పేరు లేదు, తండ్రి పేరు రాసి 'కొడుకు' అని మాత్రమే ఉంది. ఆ పిల్లవాడు ఇంటర్ మొదటి సంవత్సరం.

ఆ పుస్తకం చూశాక ఈ కేసును నేను చూసే తీరు మారింది. వైన్ షాపులో ఉద్దెర ఉండదు. జేబులో డబ్బుంటేనే సీసా ఇస్తారు. బెల్టు షాపు దగ్గరగా ఉండటం ఒక ఎత్తు, అప్పు పెట్టడం ఇంకో ఎత్తు. కూలి దొరకని రోజు కూడా తాగడానికి వీలు కల్పించేది ఆ అప్పే.

అప్పు ఎందుకు పెడతాడో కూడా కాగితం మీద వేసి చూశాం. క్వార్టర్ మీద ఎమ్మార్పీ కంటే 25 రూపాయలు ఎక్కువ తీసుకునేవాడు. పాట డబ్బు రెండున్నర లక్షలు వెనక్కి రావాలంటేనే ఏడాదికి 10,000 క్వార్టర్లు, అంటే రోజుకు 27 పైన అమ్మాలి. ఆ తర్వాతే అతనికి రూపాయి మిగిలేది. 300 గడపల ఊళ్ళో రోజూ అంత అమ్మకం డబ్బు చేతికిచ్చి తాగేవాళ్ళతో రాదు. ఉద్దెర పెట్టాలి, పొద్దున్నే తలుపు తీయాలి, వయసు చూడకుండా పోయాలి. వేలంలో పాట పెరిగేకొద్దీ తాగించాల్సిన అవసరమూ పెరుగుతుంది.

నా దగ్గరకు రాకముందే ఆడవాళ్ళు షాపు ముందు కూర్చుని ధర్నా చేశారు. కమిటీ వాళ్ళు లీడరు ఇంటికి దండుగ వేశారు. కట్టనంటే డప్పు చాటించారు. కిరాణంలో సరుకు ఇవ్వలేదు, పాలు పోయించుకోలేదు, కోతకు ట్రాక్టర్ రాలేదు. ఆమెతో మాట్లాడినవాళ్ళకూ దండుగేనన్నారు.

మొదటి నిర్ణయం: ముందు వెలి సంగతి

ఆడవాళ్ళు షాపు మీద ఫిర్యాదు రాసివ్వమని అడిగారు. వెలి మీద ఫిర్యాదు ముందు పెడదామని నేను చెప్పాను. ఊరు మొత్తం భయపడి ఉన్నప్పుడు షాపు మీద సాక్షి దొరకడు. దొరికినా కోర్టు దాకా నిలవడు. ముందు ఆ భయం దిగాలి.

సాంఘిక బహిష్కరణ మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసుకుంది. మనకు అది లేదు కాబట్టి మామూలు నేరాల కిందే నిలబెట్టాలి. దండుగ కట్టకపోతే వెలి వేస్తామనడం బెదిరింపు, డబ్బు గుంజడం కిందకి వస్తాయి. కొత్త న్యాయ సంహితలో అవి 351, 308 సెక్షన్లు. 'మమ్మల్ని వెలి వేశారు' అని ఒక్క ముక్కలో రాస్తే స్టేషన్‌లో ఇరు పక్షాలనూ పిలిచి రాజీ చేసి పంపేస్తారు. అందుకే ఏ రోజు, ఎవరు, ఏ దుకాణంలో, ఏమన్నారో ఒక్కొక్కటిగా రాయించాం. డప్పు కొట్టిన మనిషిని నిందితుడిగా పెట్టలేదు. అతను చెప్పిన పని చేసినవాడు, పైగా రేపు సాక్షి కాగలిగినవాడు.

ఫిర్యాదు అలా వివరంగా ఉండేసరికి ఎస్సై కమిటీ సభ్యులను పేరుపేరునా పిలిపించాడు. కేసు కడితే గల్ఫ్ వెళ్ళే కొడుకుల పాస్‌పోర్టు పోలీస్ వెరిఫికేషన్‌కు అడ్డమవుతుందేమోనని ఒకరిద్దరు భయపడ్డారు. నేరం తండ్రి మీదైతే కొడుక్కి ఇబ్బంది ఉండదు. అది నాకు తెలుసు, అడిగినవాళ్ళకు అదే చెప్పాను కూడా. వాళ్ళ భయాన్ని వాడుకుని పని జరిపించుకోవాలని నాకు అనిపించలేదు. కమిటీ దండుగ వెనక్కి తీసుకుంది, కిరాణాలు సరుకు ఇచ్చాయి.

ఫలించనివి

తర్వాత ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ పెట్టాం. అది ఎక్సైజ్‌కు వెళ్ళింది, దాడి జరిగింది. కొన్ని క్వార్టర్లు, బీర్లు పట్టుకున్నారు. కేసు పడింది మాత్రం కిరాణం నడిపే అవ్వ మీద.

అవ్వకు భర్త లేడు, కొడుకు పట్టించుకోడు. పాట పాడిన మనిషి ఆమె కిరాణంలో సరుకు పెట్టి, సీసాలు అందించినందుకు రోజుకు 200 ఇచ్చేవాడు. దాడి జరిగినప్పుడు అతను గుడి దగ్గర మండపం పని చూస్తున్నాడు. అవ్వను స్టేషన్‌కు తీసుకెళ్ళి, సంతకం పెట్టించుకుని, బెయిల్ మీద పంపారు. మూడో నాటికి షాపు వెనక వీధిలో వేరే ఇంట్లో తెరుచుకుంది.

ఇలాంటి దాడి ఎందుకు పనిచేయదో చెప్పాలి. ఒక ఎక్సైజ్ స్టేషన్ కింద కొన్ని మండలాలు ఉంటాయి, మనుషులు తక్కువ. బెల్టు షాపులో ఒక రోజు సరుకే ఉంచుతారు, మిగతాది గడ్డివాములోనో పశువుల కొట్టంలోనో ఉంటుంది. పట్టుబడితే పోయేది ఒక పెట్టె ఖరీదు. పంచనామాలో సాక్షులు అదే ఊరివాళ్ళు, కోర్టులో ఎదురు తిరుగుతారు. నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలావరకు చిన్న జరిమానాతో ముగిశాయి. పైగా అదే శాఖ మీద అమ్మకాలు పెంచాలన్న ఒత్తిడి ఉంటుంది, కట్టడి చేయాలన్న బాధ్యతా ఉంటుంది. బెల్టు షాపులో అమ్ముడైన క్వార్టర్ కూడా వైన్ షాపులకు సరుకిచ్చే ప్రభుత్వ డిపో లెక్కలో అమ్మకమే.

సంఘంలో కొందరు సీసాలు పగలగొడదామన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. సరుకు నేరపు సరుకైనా అది సాక్ష్యం. పగలగొడితే సాక్ష్యం పోతుంది, దౌర్జన్యం కేసు ఆడవాళ్ళ మీదకు వస్తుంది. తాగితే 10,000 జరిమానా అని గ్రామసభలో తీర్మానం చేద్దామని ఇంకొందరన్నారు. పత్రికల్లో అలాంటి తీర్మానాలు చూసే ఉంటారు. దానికీ నేను ఒప్పుకోలేదు. ఏజెన్సీ గ్రామసభకు పెసా చట్టం మత్తు పదార్థాల మీద అధికారం ఇచ్చింది. మైదాన ప్రాంతపు ఊళ్ళో సొంతంగా జరిమానా వేస్తే అది వీడీసీ దండుగలాంటిదే అవుతుంది. తాగినవాడి జరిమానా చివరికి భార్య బీడీల పైసల్లోంచే కట్టాలి.

పనిచేసినవి

దాడి తర్వాత ఒక ప్రశ్న వేసుకున్నాం. ఈ షాపు మూతపడితే నిజంగా నష్టపోయేది ఎవరు? అవ్వకు 200 కూలి పోతుంది. పాట పాడినవాడికి పెట్టుబడి, ఉద్దెర బాకీలు పోతాయి. మండలంలో లైసెన్సుదారుకు పెద్ద గిరాకీ పోతుంది. కమిటీకి మండపం డబ్బు పోతుంది. ఇప్పటిదాకా దెబ్బ పడింది అవ్వ ఒక్కదాని మీదే. మిగతా ముగ్గురి మీదా ఒకేసారి ఒత్తిడి పెట్టాలనుకున్నాం, ఎందుకంటే ఒకరు తగ్గినా ఇంకొకరు నిలబెట్టేస్తారు.

లైసెన్సుదారుతో మొదలుపెట్టాం. డిపో నుంచి బయటికి వచ్చే సీసా మూత మీద ఎక్సైజ్ లేబుల్ ఉంటుంది. దాని మీది కోడ్ చూసి సరుకు ఏ దుకాణానికి వెళ్ళిందో శాఖ చెప్పగలదు. బడి వెనక పారేసిన సీసాల్లో లేబుల్ చిరగనివి ఆడవాళ్ళు ఏరిపెట్టారు. రోడ్డు మీద దొరికిన ఖాళీ సీసా కోర్టులో సాక్ష్యం కాదు, ఎవరైనా కొని తాగి పారేసి ఉండొచ్చు. అందుకని వాటిని ఆధారంగా ఇవ్వలేదు. దాడిలో పట్టుబడిన నిండు సీసాల సంగతే పట్టుకుని సమాచార హక్కు కింద అడిగాం. పంచనామాలో లేబుల్ నంబర్లు రాశారా, అవి ఏ దుకాణానికి ఇచ్చిన సరుకు, ఆ లైసెన్సుదారు మీద ఏ చర్య తీసుకున్నారు?

కేసు దర్యాప్తులో ఉంది కాబట్టి సెక్షన్ 8(1)(హెచ్) కింద ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఇది మామూలుగా వచ్చే జవాబే, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు. దర్యాప్తు నడుస్తోందన్నంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే దర్యాప్తుకు అడ్డం ఎలా అవుతుందో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో తేల్చింది. ఆ తీర్పు జతచేసి, 30 రోజుల గడువులోపే మొదటి అప్పీలు వేశాం. అప్పీలు విచారణకు రాకముందే లైసెన్సుదారుకు శాఖ నుంచి నోటీసు వెళ్ళింది. లైసెన్సు కోసం లక్షలు పోసినవాడు ఒక ఊరి గిరాకీ కోసం దాన్ని పోగొట్టుకోడు. ఊరికి పెట్టెలు తెచ్చే ఆటో ఆగింది.

ఇక పాట పాడిన మనిషి. అతని పేరు మీద ఏ కాగితమూ లేదు, కిరాణం అవ్వది, ఇల్లు ఇంకొకరిది. కానీ కమిటీ వాళ్ళే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఈ ఏడాది పాట ఎవరు ఎంతకు పాడారో, వేరేవాళ్ళు అమ్మితే దండుగ ఎంతో. ఆ మెసేజ్ వచ్చిన ఫోన్ సంఘం సభ్యురాలిదే. స్క్రీన్‌షాట్‌తో పాటు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా తయారు చేసి, ఎక్సైజ్ వాళ్ళను బైండోవర్ కోరాం.

బైండోవర్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, 34(ఎ) కేసులో అతను అమ్మాడని సందేహం లేకుండా రుజువు చేయాలి, దానికి ఏళ్ళు పడుతుంది. బైండోవర్ శిక్ష కాదు, ఇక ముందు తప్పు చేయనని తహసీల్దార్ ఎదుట ఇచ్చే పూచీకత్తు. పాత సీఆర్పీసీలో 107, 110 కింద ఉన్నది 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 126, 129 అయింది. లక్ష రూపాయల బాండు రాయించారు. గడువులోపు మళ్ళీ అమ్ముతూ దొరికితే ఆ లక్ష వసూలు చేయొచ్చు, జైలుకూ పంపొచ్చు. పెట్టె సరుకు పోతే పోయిందనుకునే మనిషికి లక్ష పోతుందన్న టెన్షన్ వేరు.

ఉద్దెర విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాల్సి వచ్చింది. చట్టం నిషేధించిన అమ్మకానికి సంబంధించిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు. అంటే లైసెన్సు లేనివాడు ఉద్దెర పోసిన మందు బాకీని కోర్టులో వసూలు చేసుకోలేడు. కమిటీకి కట్టిన పాట డబ్బుకూ అదే గతి. ఈ మాట సంఘాల సమావేశంలో చెప్పాం, అది ఒక్క రోజులో ఊరంతా పాకింది. కానీ కొందరి దగ్గర అతను ప్రామిసరీ నోట్లు రాయించుకున్నాడు. నోటు మీద సంతకం ఉంటే బాకీ నిజమనే కోర్టు మొదట అనుకుంటుంది, అది మందు బాకీ అని చూపించాల్సిన బరువు సంతకం పెట్టినవాడి మీద పడుతుంది. అందుకే "ఉన్న నోట్ల సంగతి విడిగా చూద్దాం, కొత్తగా ఎవరూ సంతకం పెట్టొద్దు, పట్టీలు, కమ్మలు కుదువ పెట్టొద్దు" అని చెప్పాం. వసూలు కాదని తెలిశాక అతనే ఉద్దెర ఆపేశాడు. అమ్మకం సగానికి సగం పడిపోయింది అప్పుడే, బైండోవర్ కంటే ముందే.

గ్రామసభలో లెక్క

గుడి డబ్బు సంగతి తేలకపోతే మరుసటి ఏడాది మళ్ళీ వేలం పెడతారు. కమిటీ పెద్ద ఒకాయన నాతో అన్న మాట నాకు న్యాయంగానే అనిపించింది. "సారూ, షాపు బంద్ అంటున్నరు, మంచిదే. సగం లేసిన మండపం ఏం జేయాలె? ఆ పైసలు మేం తిన్నమా?" నిజంగానే తినలేదు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. అతన్ని దొంగగా చూపిస్తే పని జరగదని నాకు అర్థమైంది.

2024 ఫిబ్రవరి నుంచి అప్పటికి సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారి అధ్యక్షతన గ్రామసభ జరిగింది. లీడరు లేచి లెక్క చదివింది. రోజుకు రెండు క్వార్టర్లు తాగే మనిషి ఎమ్మార్పీ మీద అదనంగా ఇచ్చేదే రోజుకు 50. ఏడాదికి 18,000 దాటుతుంది. అదే రెండున్నర లక్షలు 300 గడపలు పంచుకుంటే గడపకు ఏడాదికి 850 రూపాయల లోపే. "గుడి ఊరందరిది. మండపం పైసలు తాగేటోళ్ళ ఇండ్లల్లకెల్లి మాత్రమే ఎందుకు రావాలె?" అని అడిగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గల్ఫ్‌లో ఉన్న కొడుకు తరఫున ఒక తల్లి ఐదు వేలు రాయించింది. బెల్టు షాపుకు ఇక వేలం పెట్టమని, ఊళ్ళో అక్రమ అమ్మకం ఆపాలని ఎక్సైజ్, పోలీసు శాఖలను కోరుతున్నామని తీర్మానం రాశారు. జరిమానాల ఊసు అందులో లేదు. తీర్మానం కింద కమిటీ పెద్దలు కూడా సంతకాలు పెట్టారు.

మూతపడిన వారం

రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా అందకపోతే ప్రాణం మీదకు రావొచ్చు. ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్, రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మాట తడబడటం మొదలవుతాయి. షాపు మూయించే వాళ్ళు ఈ సంగతి ఆలోచించకపోతే ఆ మరుసటి వారం చావు వార్త వినాల్సి వస్తుంది. షాపు ఆగిపోతుందని తెలియగానే ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో కూర్చుని బాగా తాగేవాళ్ళ ఇళ్ళు గుర్తుపెట్టుకున్నాం.

మూడో రోజు రాత్రి ఒక ఇంట్లో భర్త గోడ మీద పురుగులు పాకుతున్నాయని చీపురుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా చెమట, చేతిలో నీళ్ళ గ్లాసు నిలవడం లేదు. గాలి సోకిందని తల్లి నిమ్మకాయలు తెప్పిస్తోంది. ఆశా అక్క వచ్చి చూసి 108కి ఫోన్ చేసింది. జిల్లా ఆసుపత్రిలో వారం ఉంచి పంపారు. ముందే చెప్పి ఉంచకపోతే ఆ రాత్రి అతన్ని మంత్రం వేసేవాడి దగ్గరకు తీసుకెళ్ళేవాళ్ళే.

నేర్చుకున్నవి

ఫిర్యాదులో షాపు పేరు రాస్తే షాపులో కూర్చున్న మనిషి మీదే కేసు పడుతుంది. సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, పాట ఎవరిది అన్నవి అర్జీలో మొదటి వాక్యాల్లోనే ఉండాలి. పట్టుకున్న సీసాల లేబుల్ నంబర్లు పంచనామాలో రాయమని రాతపూర్వకంగా అడగాలి. ఒకసారి నంబరు కాగితం మీదకు ఎక్కితే దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం ఏ అధికారికీ సులువు కాదు.

పొరుగు రాష్ట్రం అనుభవం కూడా ఇదే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 జూన్ 8న ప్రమాణ స్వీకారం రోజునే చంద్రబాబు బెల్టు షాపుల రద్దు మీద సంతకం చేశారు. 2019 అక్టోబర్ 1 నుంచి జగన్ ప్రభుత్వం మద్యం దుకాణాలను తనే నడిపింది. 2024 అక్టోబర్ 16 నుంచి మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. విధానం ఇన్నిసార్లు మారినా బెల్టు షాపు మాట వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం చేసిన ప్రకటనలో మాత్రం బెల్టు షాపు పెట్టిస్తే 5 లక్షల జరిమానా, రెండోసారికి లైసెన్సు రద్దు అన్నారు. నాకు అది సరైన దిక్కుగా కనిపిస్తోంది. లైసెన్సుదారు తన సరుకు ఎటు పోతోందో తెలియదనే వీలు లేనప్పుడే బెల్టు షాపుకు పెట్టె చేరడం ఆగుతుంది.

ఆడవాళ్ళు పెట్టిన ఫిర్యాదుతో ఇంకో ఆడమనిషి మీద కేసు పడటం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత వకీలు దొరుకుతాడు. అవ్వకు ఆ వకీలును పెట్టించాం. నేను సంఘం తరఫు మనిషిని కాబట్టి ఆమె కేసు నేను చూడటం సరికాదు. సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకుని, కిరాణంలో సరుకు పెంచుకోవడానికి లోను ఇప్పించింది.

ఇప్పటి పరిస్థితి

ఊళ్ళో బహిరంగంగా అమ్మకం లేదు. తాగుడు ఆగలేదు. నగదు ఉన్నవాళ్ళు బండి మీద మండల కేంద్రానికి వెళ్ళి తాగి, రాత్రి అదే ఏడు కిలోమీటర్లు తిరిగి వస్తున్నారు. ఒకరు కల్వర్టు దగ్గర పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆ రోడ్డు మీద సాయంత్రాలు బ్రీత్ ఎనలైజర్ తనిఖీలు పెట్టమని పోలీసులను అడిగాం, అప్పుడప్పుడూ పెడుతున్నారు. పక్క ఊళ్ళో బెల్టు షాపు నడుస్తూనే ఉంది, కొందరు అక్కడికి పోతున్నారు. ఆ ఊరి సంఘం ఇప్పుడు మాతో మాట్లాడుతోంది. నగదు పెట్టి కొనాల్సి రావడంతో చాలా ఇళ్ళల్లో రోజుకు రెండు తాగేవాళ్ళు ఒకటికి దిగారని, ఈసారి వడ్ల పైసల్లో ఎక్కువ భాగం ఇంటికి చేరిందని కొనుగోలు కేంద్రం లెక్కలు చూసే ఆడవాళ్ళు చెబుతున్నారు.

2025 డిసెంబర్ 1 నుంచి మండలంలో వైన్ షాపుకు కొత్త లైసెన్సుదారు వచ్చారు. పాత నోటీసుల సంగతి ఆయనకు తెలియకపోవచ్చని, గ్రామసభ తీర్మానం కాపీ జతచేసి సంఘం తరఫున రిజిస్టర్ పోస్టులో పంపాం. ఒక కాపీ ఎక్సైజ్ స్టేషన్‌కు ఇచ్చి రసీదు తీసుకున్నాం. అదే నెలలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన సర్పంచ్ దగ్గరకు కూడా ఆ కాగితాలు చేరాయి. పాట పాడిన మనిషి బాండు గడువు ముగియడానికి నెల ముందే మళ్ళీ తహసీల్దార్‌కు అర్జీ పెట్టాలని సంఘం మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. అవ్వ కేసు ఇంకా కోర్టులోనే ఉంది.